'రన్' అంటే పరుగొక్కటేనా?

ప్రశ్న: ఇంగ్లిష్ పేపర్లో 'రన్' అనే మాట ఒకే పేజీలో నాలుగు చోట్ల నాలుగు అర్థాల్లో కనిపించింది. డిక్షనరీ తీస్తే ఆ వరస తెగేలా లేదు. బట్టీ పట్టడం తప్ప దారి లేదా?

జవాబు: బట్టీ పడదామన్నా అయ్యే పని కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన వివరణ 'సెట్' అనే మాటది. తరవాతి సవరణలో 'రన్' దాన్ని దాటేసింది. క్రియగా వాడినప్పుడే దీనికి 645 అర్థాలు లెక్క తేలాయి. రోజువారీ చదువుకు అందులో ఓ ముప్పై వస్తే చాలు.

అర్థాన్ని 'రన్'లో వెతక్కండి, దాని పక్కనున్న మాటల్లో వెతకండి. ముందు కర్త ఎవరో చూడండి. మనిషైతే, వెనక కర్మ లేకపోతే, మామూలు పరుగే. కర్త 'నోస్' అయితే కారడం, 'రివర్' అయితే పారడం, 'రోడ్' అయితే సాగడం, 'ప్లే' అయితే ఆడడం, 'బస్' అయితే తిరగడం. మనం ఐదు క్రియలు వాడే చోట ఇంగ్లిష్ ఒక్కదానితో సరిపెట్టుకుంటుంది, అంతే. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. బట్టలు ఉతికాక 'ద కలర్ రాన్' అంటే రంగు వెలిసిపోయిందని కాదు, పక్క బట్టకు అంటిందని. వెలిస్తే 'ఫేడ్' అనాలి.

తరవాత కర్మ ఉందేమో చూడండి. 'షీ రన్స్ ఎ స్కూల్' అంటే బడి నడుపుతోంది. 'రన్ ఎ బాత్' అంటే స్నానానికి తొట్టిలో నీళ్లు పట్టడం, 'రన్ ఎ టెంపరేచర్' అంటే ఒంట్లో జ్వరం ఉండటం, 'రన్ ఎ స్టోరీ' అంటే పత్రిక కథనం వేయడం. ఎన్నికల సంగతి కాస్త తమాషా. అమెరికావాళ్లు పదవికి 'రన్' అవుతారు, బ్రిటన్‌వాళ్లు 'స్టాండ్' అవుతారు. ఎన్నికల్లో 'నిలబడ్డాడు' అనే మనం ఈ విషయంలో బ్రిటన్ పక్షమే.

డిక్షనరీలో క్రియ, నామవాచకం విడివిడిగా ఉంటాయి. 'అవుట్', 'ఇంటు', 'ఓవర్' లాంటి తోకలు తగిలిన రూపాలు సాధారణంగా క్రియ అర్థాలన్నీ అయ్యాక వస్తాయి. తోక కనిపిస్తే నేరుగా అక్కడికి వెళ్లండి, సగం శ్రమ తప్పుతుంది.

ప్రశ్న: బ్యాటర్ రన్ అవుట్ అయ్యాడు, టైమ్ కూడా రన్ అవుట్ అయింది. రెండూ ఒకటేనా?

జవాబు: తెలుగులో రెంటికీ 'అయ్యాడు', 'అయింది' తగిలించడంతో ఒకటే అనిపిస్తాయి. ఇంగ్లిష్‌లో వాక్యం కట్టే తీరే వేరు. క్రికెట్‌లో అవుట్ చేసేది ఫీల్డింగ్ జట్టు, కాబట్టి కర్మణి ప్రయోగం: 'హీ వాజ్ రన్ అవుట్'. 'వాజ్' మరిచి 'హీ రాన్ అవుట్' అంటే అతను బయటికి పరుగెత్తాడని అర్థం వస్తుంది. టైమ్ దానంతటదే అయిపోతుంది కాబట్టి 'టైమ్ రాన్ అవుట్'. మనిషిని కర్తగా పెడితే 'ఆఫ్' తప్పనిసరి: 'వుయ్ రాన్ అవుట్ ఆఫ్ టైమ్'. పేపర్ అయిపోయిన ప్రింటర్‌కూ ఇదే సూత్రం.

పనిలో పనిగా ఇంకొకటి. పరుగులు చేశానని చెప్పాలంటే 'ఐ స్కోర్డ్ రన్స్' అనండి. 'ఐ హావ్ ద రన్స్' అంటే విరేచనాలు పట్టుకున్నాయని!

ప్రశ్న: 'హాజ్ రన్' సరైనదా, 'హాజ్ రాన్' సరైనదా?

జవాబు: 'హాజ్ రన్'. 'రాన్' ఒంటరిగానే భూతకాలం చెబుతుంది. 'హాజ్', 'హావ్', 'హాడ్' వెనక దాన్ని పెట్టకూడదు.

ప్రశ్న: 'రన్ ఇంటు', 'రన్ ఓవర్' తేడా చెప్పండి.

జవాబు: 'ఐ రాన్ ఇంటు హిమ్' అంటే అతను అనుకోకుండా తారసపడ్డాడు. కర్త కారై, ఎదురుగా చెట్టుంటే గుద్దుకోవడం. ఖర్చు 'రన్స్ ఇంటు లాక్స్' అంటే లక్షల్లోకి వెళ్లింది. 'రన్ ఓవర్'కు కర్త బండి అయితే కిందపడేసి మీదుగా పోవడం, కర్త మీటింగ్ అయితే అనుకున్న సమయం దాటడం. దారిలో స్నేహితుడు కలిశాడని రాయబోయి 'ఓవర్' రాస్తే కేసైపోతుంది.

మాటల వరసలోనూ తేడా ఉంది. 'రాన్ హిమ్ ఓవర్', 'రాన్ ఓవర్ హిమ్' రెండూ చెల్లుతాయి. 'ఇంటు'ను అలా విడదీయలేం. కలిసిన మనిషి పేరు దాని తరవాతే రావాలి.

ప్రశ్న: 'రన్నింగ్ బస్ ఎక్కకూడదు' అని రాస్తే మా టీచర్ గీత కొట్టారు. ఎందుకు?

జవాబు: మన వాడుకలో రన్నింగ్ అంటే కదులుతున్నదని. ఇంగ్లిష్‌లో ఇంజన్ ఆన్‌లో ఉంటే చాలు, బండి ఆగి ఉన్నా 'ద ఇంజన్ ఈజ్ రన్నింగ్' అంటారు. కదిలే బస్సుకు 'మూవింగ్ బస్' అని రాయండి. అలాగే 'త్రీ డేస్ రన్నింగ్' అంటే వరసగా మూడు రోజులు. అందులో పరుగూ లేదు, ఇంజనూ లేదు.

ప్రశ్న: 'రన్ డౌన్' ఒకచోట కలిపి, ఒకచోట హైఫన్‌తో, ఒకచోట విడిగా కనిపిస్తోంది. అచ్చుతప్పులా?

జవాబు: కావు. విడిగా ఉంటే క్రియ: బ్యాటరీ చార్జి తగ్గిపోవడం, లేదా ఒకరిని తీసిపారేసి మాట్లాడటం. హైఫన్ ఉంటే విశేషణం: శిథిలమైన ఇల్లు, నీరసించిన మనిషి. కలిపి రాస్తే నామవాచకం: ముఖ్యాంశాల క్లుప్త వివరణ. 'గివ్ మీ ఎ రన్‌డౌన్' అని బాస్ అడిగితే కంగారుపడకండి, వివరాలు టూకీగా చెప్పమంటున్నారు.