రెసిడెంట్ ఈవిల్ 2 అనే హారర్ వీడియో గేమ్ రీమేక్‌ను విమర్శకులు ఎందుకంత మెచ్చుకున్నారు?

బరంపురంలో మా వీధి కుర్రాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. 1998 నాటి ఆటలో కెమెరా కదలదు. మలుపు అవతల ఏముందో కనిపించకపోవడమే భయం. 2019లో తయారీ సంస్థ క్యాప్‌కామ్ రీమేక్‌లో కెమెరాను పాత్ర భుజం వెనక్కి తెచ్చింది. అలా చేస్తే భయం తగ్గాలి. కానీ చీకటి, టార్చిలైటు, చాలీచాలని తూటాలు, అన్నిటికన్నా వెంటాడే రాక్షసుడు మిస్టర్ ఎక్స్ అడుగుల చప్పుడు ఆ లోటు పూడ్చాయి. కాల్చితే కాసేపు ఆగుతాడంతే, చావడు. ఆ టెన్షన్‌నే సమీక్షకులు బాగా పొగిడారు. ప్లేస్టేషన్ 4 వెర్షన్‌కు, సమీక్షల సగటు స్కోరు చూపే మెటాక్రిటిక్ సైట్‌లో 100కి 91 వచ్చింది.

రీమేక్‌లో రెండు ప్రధాన పాత్రలైన లియాన్, క్లేర్ కథలు చాలావరకు ఒకేలా ఉన్నాయన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. పాతదానిలో మొదట ఆడిన పాత్ర మెషిన్‌గన్ తీసుకుంటే రెండో పాత్రకు అది దొరకదు. రెండు కథలను కలిపే అంత మంచి ముడిని రీమేక్‌లో వదిలేశారు.