రూట్ కెనాల్ సమయంలో చిగురు గాయపడకుండా ఉండాలంటే
డాక్టర్ గారూ, దిల్‌సుఖ్‌నగర్‌లోని మీ క్లినిక్‌లో రూట్ కెనాల్ చేయించుకున్నవారికి పంటి చుట్టూ చిగురు తెల్లబడి మండుతోందని రాశారు. మీ వర్ణనను బట్టి, రబ్బర్ డ్యామ్ (చికిత్స చేసే పంటిని వేరుచేసే రబ్బరు షీటు) అంచు నుంచి సోడియం హైపోక్లోరైట్ (పంటి వేరులోని కాలువను శుభ్రపరిచే ద్రావణం) కారుతోందని నా అభిప్రాయం. ఆ షీటును పంటికి పట్టి ఉంచే క్లాంప్ నాలుగు కొనలూ చిగురును నొక్కకుండా పంటినే పట్టుకున్నాయో లేదో వేలితో కదిపి చూసి, మిగిలిన సందును లిక్విడ్ డ్యామ్‌తో (పూశాక గట్టిపడే రెసిన్‌తో) మూసిన తరువాతే ద్రావణం వాడండి. పక్కన రంధ్రమున్న సూదిని వర్కింగ్ లెంగ్త్‌కు (కాలువలో శుభ్రం చేయాల్సిన పొడవుకు) 2 మిల్లీమీటర్లు తక్కువలో ఆపి, అది కాలువలో ఎక్కడా బిగుసుకోకుండా చూస్తూ ద్రావణాన్ని మెల్లగా వదలాలి. చిగురుకు తగిలితే వెంటనే సెలైన్‌తో ధారాళంగా కడగండి. మత్తు ఇంజెక్షన్‌తో మొద్దుబారిన బుగ్గను పెద్దలు కూడా కొరుక్కుంటారు కాబట్టి, తిమ్మిరి పూర్తిగా తగ్గేవరకు ఏమీ నమలవద్దని ఇంటికి పంపేముందు దయచేసి చెప్పండి.