ఆ పేపర్లు నిజమైనవే.. మరి టీకా వేయించాలా?

ప్రశ్న: మా పాపకు ఏడాది నిండబోతోంది. ఎంఎంఆర్ టీకా (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) వేయించాలి. నేనున్న ఒక ఫేస్‌బుక్ గ్రూపులో టీకాలు వద్దంటూ రోజూ పోస్టులు పెడుతున్నారు. వట్టి పుకార్లయితే పట్టించుకునేదాన్ని కాదు. కానీ అన్నీ పబ్‌మెడ్ లింకులు, పెద్ద జర్నల్స్‌లో వచ్చిన పేపర్లే. చదువుతుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ టెన్షన్ అర్థమైందమ్మా. ఆ గ్రూపుల్లో వాళ్లు సైన్స్ వద్దనరు. నిజమైన పేపర్లలోంచి తమకు పనికొచ్చే ముక్క కత్తిరించి పెడతారు. అందుకే చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు.

ఎంఎంఆర్ వల్ల ఆటిజం వస్తుందంటూ వాళ్లు చూపించే పేపరునే చూడండి. 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చింది. అందులో ఉన్నది కేవలం 12 మంది పిల్లలు. టీకాకు, ఆ సమస్యకు సంబంధం ఉందని తాము నిరూపించలేదని ఆ పేపర్లోనే రాశారు. ఆ వాక్యం ఏ పోస్టులోనూ కనిపించదు. తర్వాత అందులో తప్పులు, అక్రమాలు బయటపడ్డాయి. 2010లో జర్నల్ ఆ పేపరును వెనక్కి తీసుకుంది. పబ్‌మెడ్‌లో దాన్ని తెరిస్తే ఆ సంగతి అక్కడే కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్‌లో మాత్రం ఉండదు. పైగా పబ్‌మెడ్ అంటే వైద్య వ్యాసాల జాబితా మాత్రమే. అందులో ఉన్నంత మాత్రాన అది నిజమని ఎవరో ముద్ర వేసినట్టు కాదు. 2019లో డెన్మార్క్‌లో 6.5 లక్షల మందికి పైగా పిల్లల వివరాలు పరిశీలించి, ఎంఎంఆర్ వల్ల ఆటిజం ముప్పు పెరగదని తేల్చారు. మీ గ్రూపులో దీన్ని ఎవరైనా పెట్టారా?

ఇంకో రకం పోస్టు: 'తట్టు వచ్చినవాళ్లలో 38 శాతం మంది టీకా వేయించుకున్నవాళ్లే!' అంకె నిజమే కావచ్చు. లెక్క వేసి చూద్దాం. వెయ్యి మంది పిల్లల్లో 950 మంది రెండు డోసులూ వేయించుకున్నారు, 50 మంది వేయించుకోలేదు అనుకోండి. తట్టు వైరస్ అందరి దగ్గరికీ చేరింది. రెండు డోసులు దాదాపు 97 శాతం కాపాడతాయి కాబట్టి 950 మందిలో సుమారు 28 మందికి వస్తుంది. టీకా లేని 50 మందిలో 45 మందికి వస్తుంది. మొత్తం 73 మందిలో 28 అంటే 38 శాతమే! కానీ ఒకవైపు వందకు ముగ్గురు, మరోవైపు వందకు తొంభై మంది. పోస్టులో ఈ రెండో లెక్క ఉండదు.

టీకా తర్వాత వచ్చిన ఇబ్బందులను నమోదు చేసే అమెరికా వ్యవస్థ వేర్స్ (VAERS) అంకెలూ తెగ తిరుగుతుంటాయి. టీకా తర్వాత ఏం జరిగినా అక్కడ ఎవరైనా నమోదు చేయొచ్చు, టీకా వల్లే జరిగిందని తేలనక్కర్లేదు. అలాగని అది పనికిమాలినదేం కాదు. 1999లో ఒక రోటావైరస్ టీకాతో కొందరు పసిపిల్లల్లో పేగు పేగులోకి చొచ్చుకుపోతోందన్న అనుమానం మొదట అక్కడి నమోదుల్లోనే తలెత్తింది. విచారించి ఆ టీకాను మార్కెట్ నుంచి తీసేశారు.

ఎంఎంఆర్‌కు సైడ్ ఎఫెక్ట్స్ లేవని నేను చెప్పను. వేసిన వారం, పది రోజులకు కొందరికి జ్వరం, ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. మూడు నాలుగు వేల డోసుల్లో ఒకసారి జ్వరంతో ఫిట్స్ రావచ్చు. చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది, కానీ సాధారణంగా శాశ్వత నష్టం ఉండదు. ఫిట్స్ వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పాపకు రోగనిరోధక శక్తికి సంబంధించిన జబ్బు ఉన్నా, టీకాలో కొద్దిగా ఉండగల జెలటిన్, నియోమైసిన్ (ఒక యాంటీబయాటిక్) తీవ్రంగా పడకపోయినా ముందే డాక్టరుకు చెప్పండి. అవేమీ లేకపోతే టీకా వాయిదా వేయకండి. మిమ్మల్ని బాగా భయపెట్టిన పేపర్లు ఒకటి రెండు ఉంటే వెంట తీసుకెళ్లి పిల్లల డాక్టరుతో కూర్చుని చదవండి. స్క్రీన్‌షాట్ కాదు, మొత్తం పేపరు.