ఏ నవల నిలుస్తుందో నాకు తేదీ చీటీలు చెప్పాయి

తెలుగులో ఇన్ని వేల నవలలు అచ్చయినా కొన్ని మాత్రమే తరాలు దాటి ఎందుకు నిలిచాయి, అందుకు కారణం భాషా, వస్తువా, బహుమతులా, పాఠ్యపుస్తకాల్లో చోటు దొరకడమా అని మీరు అడిగారు. ఇప్పుడు వస్తున్న వాటిలో ఏది నిలుస్తుందో చెప్పగలమా అని కూడా అడిగారు. నేను సాహిత్య విమర్శకురాలిని కాను. కందుకూరు, కొండపి, సింగరాయకొండ చుట్టుపక్కల శాఖా గ్రంథాలయాల్లో 32 ఏళ్ళు గ్రంథపాలకురాలిగా పనిచేశాను. నా సమాధానం ఆ పనిలో నుంచి, ముఖ్యంగా పుస్తకం చివరి అట్ట లోపల అతికించే తేదీ చీటీల్లో నుంచి వచ్చినది.

పుస్తకం ఇంటికి ఇచ్చేటప్పుడు తిరిగి ఇవ్వవలసిన గడువు తేదీని ఆ చీటీ మీద ముద్ర వేస్తాము. చినిగిన పుస్తకాలను బైండింగుకు పంపే ముందు నేను ఒక్కొక్కటీ తెరిచి ఆ ముద్రలు చూసేదాన్ని. కొన్నేళ్ళు చూసేసరికి వాటిలో మూడు రకాలు స్పష్టంగా కనిపించాయి.

మొదటి రకం, వారపత్రికల్లో ధారావాహికగా వచ్చి ఊరంతా ఎదురుచూసిన నవలలు. వాటి చీటీ నిండిపోతే దాని మీద ఇంకో చీటీ, దాని మీద మరొకటి అతికించేవాళ్ళం. నాలుగైదేళ్ళ పాటు వారం విడవకుండా ముద్రలు పడి, ఆ తర్వాత ఒక్కసారిగా ఆగిపోయేవి. ఆ పుస్తకాలను నేను తక్కువ చేయడం లేదు. మా ప్రాంతంలో ఎంతోమంది ఆడవాళ్ళు వాటితోనే చదవడం అలవాటు చేసుకున్నారు. రెండో రకానికి మంచి ఉదాహరణ కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’. 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో మొదలైన ఆ రచన తెలుగు నవలకు దారి వేసింది, సాహిత్య చరిత్రలో దాని స్థానాన్ని ఎవరూ కదల్చలేరు. అయినా మా చీటీ మీద దాని ముద్రలన్నీ పరీక్షలకు ముందు నెలల్లోనే ఉండేవి. చరిత్రలో నిలవడం వేరు, చదివేవాళ్ళ చేతుల్లో నిలవడం వేరు అని నాకు అక్కడే అర్థమైంది.

మూడో రకం చీటీలు చూడడానికి ఏమంత గొప్పగా ఉండవు. ఏడాదికి మూడు ముద్రలు, ఒక ఏడు ఒక్కటే, మరో ఏడు అయిదు. కానీ ఇరవై ఏళ్ళు గడిచినా ఆ ముద్రలు ఆగలేదు. డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’ చీటీ సరిగ్గా అలాంటిది. 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చిన నవల అది. ఆవిడ 1961లోనే కన్నుమూశారు, మరో నవల రాయలేదు. దాని ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది గాని, మా దగ్గర ఆ పుస్తకం తీసుకున్న వాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఒక పాఠకురాలు చదివి ఇంకొకరికి చెప్పడం, ఆమె వచ్చి అడిగి తీసుకుపోవడం, ఇంతే దాని ప్రచారం.

ఆ నవల ఎందుకు ఆగలేదో తెలుసుకోవడానికి నన్ను నేనే పరిశీలించుకోవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళప్పుడు మొదటిసారి చదివినప్పుడు అందులోని ఇందిర అనే పాత్ర నాకు నచ్చలేదు. ఎవరి మంచితనాన్నీ లెక్కచేయని, తనకు కావలసింది తాను తీసుకునే మనిషిగా కనిపించింది. నా మనసంతా మరో పాత్ర కల్యాణి మీద ఉంది. ముప్పై అయిదేళ్ళప్పుడు, ఇంటి బాధ్యతలు నా జీతం మీద పడి, నెలాఖరులో చీటీపాట డబ్బు ఎలా కట్టాలా అని లెక్కలు వేసుకుంటున్న రోజుల్లో మళ్ళీ చదివాను. తండ్రి బరువును మోస్తూ, ఉద్యోగం చేసుకుంటూ, ఎవరి జాలీ అక్కరలేదనుకునే ఇందిర అప్పుడు కొత్త మనిషిలా నా ఎదుట నిలబడింది. అంతకు ముందు ఆమెను అంత సులభంగా ఎలా తప్పుపట్టానా అని నొచ్చుకున్నాను. యాభై దాటాక మూడోసారి చదివితే, పెద్దవాళ్ళకు ఎదురుచెప్పలేక, ప్రేమించిన మనిషి పక్కన నిలబడలేక తల్లడిల్లే ప్రకాశం దగ్గర నా చూపు ఆగింది. మొదటి రెండుసార్లూ పిరికివాడని తోసిపుచ్చిన ఆ కుర్రవాడిలో మా అన్నదమ్ముల పోలికలు కనిపించాయి.

పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. మారింది నేను. నేను మారిన ప్రతిసారీ ఆ నవలలో నాకోసం ఒక కొత్త మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఇది ఎలా సాధ్యమైందంటే, శ్రీదేవి గారు తన పాత్రల్లో ఎవరి మీదా తీర్పు రాసిపెట్టలేదు. ఆ కాలపు కథల్లో ఇందిర వంటి స్త్రీ చివరికి పశ్చాత్తాపపడాలి, లేదా చెడిపోవాలి, లేదా చచ్చిపోవాలి. ఇక్కడ ఆమె ప్రకాశాన్ని వదులుకుని, కృష్ణమూర్తిని అతని మంచిచెడ్డలతో సహా ఎంచుకుని, తన బతుకు తాను బతకడానికి సాగిపోతుంది. రచయిత్రి ఆమెను శిక్షించలేదు, నెత్తికి ఎత్తుకోనూ లేదు. తనకు నచ్చని పనులు చేసే పాత్రకు కూడా తన వాదన తాను చెప్పుకునే అవకాశం పూర్తిగా ఇచ్చిన నవలే రెండో తరానికి అందుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ నమ్మకం నా ఒక్కదాని చదువుతో ఏర్పడింది కాదు. మా ప్రాంతంలో పొగాకు బ్యారన్లు, అంటే మంట వేడితో ఆకును ఆరబెట్టే కొట్లు, ఎక్కువ. ఆకు పండబెట్టి ఆరేదాకా రాత్రంతా ఒక మనిషి మంట చూసుకుంటూ, వేడి ఎక్కువ తక్కువలు కనిపెట్టుకుంటూ మేలుకొని ఉండాలి. ఆ పని చేసే వాళ్ళలో కొందరు సాయంత్రం గ్రంథాలయానికి వచ్చి లావుపాటి నవల ఏదైనా ఇమ్మని అడిగేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన దళితవాడ నుంచి వచ్చేవాడు, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. ఆయనకు నేను ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ ఇచ్చాను. రచయిత జైలులో రాసిన ఆ నవల 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం దాన్ని రెండుసార్లు నిషేధించింది. అందులోని మాటతీరు గుంటూరు ప్రాంతానిది, మా పక్కనున్న ఒంగోలు ప్రాంతం 1970 దాకా గుంటూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి అది ఆయనకు పరాయిది కాలేదు. భూస్వామి చౌదరయ్య చేతిలో రామదాసు కొడుకు సంగదాసు చనిపోయే ఘట్టం చదివి ఆయన పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు చాలా కోపంగా ఉన్నాడు. కొడుకును చంపినా పగ తీర్చుకోని రామదాసు మీద ఆ కోపం.

పదేళ్ళు దాటాక ఆయనే మళ్ళీ వచ్చి ఆ పుస్తకమే అడిగాడు. చదివి తెచ్చి ఇచ్చిన రోజు బల్ల పక్కన కాసేపు నిలబడి, “అమ్మాయ్, అప్పుడు నేను రామదాసును చేతగానోడు అనుకొన్నా. నా కొడుకును మట్టిలో పెట్టొచ్చినాక ఇప్పుడు తెలిసింది, ఊరకుండేది ఎంత కష్టమో” అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచక, “కూర్చో పెద్దాయనా” అన్నాను. ‘మాలపల్లి’ గురించి తర్వాత చాలా వ్యాసాలు చదివాను. ఆ మాటంత దగ్గరగా నవలను పట్టుకున్నది వాటిలో నాకు కనిపించలేదు. రామదాసు మార్గం సరైనదని ఆయన అనలేదు, నేనూ అనడం లేదు. ఆ మనిషి లోపలికి వెళ్ళడానికి ఒక తలుపు నవలలో ముందునుంచీ తెరిచే ఉంది, దాన్ని దాటడానికి ఆయనకు పదేళ్ళు పట్టింది.

నా మాటకు ఎదురు నిలిచే నవల కూడా ఒకటి ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’, రచయిత పాత సంప్రదాయ వ్యవస్థ పక్షమేనని మొదటి పుటల్లోనే చెప్పేస్తుంది. ఆయన తీర్పులు దాచుకునే మనిషి కాదు. మా గ్రంథాలయానికి వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి అది ప్రాణం. కార్మిక సంఘంలో పనిచేసే మరొకాయన దాన్ని ఖండించడానికే మూడుసార్లు తీసుకెళ్ళాడు. ఇద్దరూ మా వరండాలో కూర్చుని వాదించుకునేవాళ్ళు. ఒకరోజు నేను ఆ రెండో ఆయనను, అంత నచ్చనప్పుడు మూడుసార్లు ఎందుకు చదివారని అడిగాను. ఆ వ్యవస్థ పోవాలని తాను కోరుకుంటున్నా, అది పోతుంటే కథానాయకుడు ధర్మారావు పడే దుఃఖం మాత్రం అబద్ధం కాదని ఆయన అన్నాడు. అప్పుడు నా ఆలోచనను కొంచెం సవరించుకున్నాను. రచయిత అభిప్రాయం ఎంత గట్టిదైనా కావచ్చు. ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోని పాఠకుడు కూడా కొన్ని వందల పుటల పాటు కాపురం ఉండగలిగేటంత నిండుగా ఊరిని, మనుషులను, వాళ్ళ సొంత బాధను కట్టి ఉంటే చాలు.

బహుమతుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి బహుమతిని ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’ కలిసి పంచుకున్నాయి. ఒకే రోజు ఒకే గౌరవం పొందిన ఆ రెండు పుస్తకాలూ మా అలమరలో పక్కపక్కనే ఉండేవి. ముద్రలు మాత్రం సమానంగా పడలేదు. భాష విషయంలోనూ అంతే. వాడుకభాషలో రాసినవీ నిలిచాయి, గ్రాంథిక వాసన ఉన్నవీ నిలిచాయి. పాత్ర నోట పలికిన మాట ఆ పాత్ర నోటికి తగినదా కాదా అన్నదే పాఠకులు పట్టించుకున్నారు.

అయితే రచయిత చేయగలిగింది సగమే. మిగతా సగం ఆ పుస్తకాన్ని తర్వాతి తరానికి మోసేవాళ్ళ చేతుల్లో ఉంటుంది, దీనిని విమర్శకులు తగినంతగా చెప్పరని నా బాధ. ఒకసారి పై అధికారి ఒకరు, మూడేళ్ళుగా ఎవరూ తీసుకోని పుస్తకాలను జాబితా రాసి తీసివేయమని ఆదేశించారు. చోటు చాలదు, కొత్తవి వస్తున్నాయి అన్నారు. నేను వాదించాను గాని గట్టిగా నిలబడలేదు. అలా వెళ్ళిపోయిన వాటిలో బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’ ఉంది. అట్ట ఊడి, దారాలు వదులై, మా దగ్గర ఉన్న ఒకే ప్రతి. మరుసటి ఏడాదే ఒక డిగ్రీ విద్యార్థిని ఆ నవల కావాలని వచ్చింది. తల్లి మీద లోకం వేసిన నింద కొడుకు దయానిధిని జీవితమంతా ఎలా వెంటాడుతుందో తరగతిలో విన్నదట, అప్పటినుంచి ఆ కథ తనను వదలడం లేదంది. లేదని చెప్పడం నాకు చాలా కష్టమైంది.

ఆ అమ్మాయిని వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళమన్నాను. 1918లో మొదలైన గ్రంథాలయం అది, 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. అప్పట్లో వేటపాలెం మా ప్రకాశం జిల్లాలోనే ఉండేది, 2022లో బాపట్ల జిల్లాలో కలిసింది. సింగరాయకొండలో పొద్దున రైలెక్కి వెళ్ళి, అక్కడే కూర్చుని చదివి సాయంత్రానికి తిరిగి వచ్చి, మర్నాడు మళ్ళీ వెళ్ళి ఆ నవల పూర్తి చేసింది. ఒక ఊరి వాళ్ళు వందేళ్ళుగా పుస్తకాలను చెదపురుగుల నుంచి, తడి నుంచి కాపాడకపోతే, బుచ్చిబాబు గారు ఎంత గొప్పగా రాసి ఉన్నా ఆ అమ్మాయికి ఆ రెండు రోజులు దక్కేవి కావు. నిషేధం కాలంలో ‘మాలపల్లి’ని దాచినవాళ్ళు చేసింది కూడా ఇదే పని. అమెరికాలో మెల్విల్ రాసిన ‘మోబీ డిక్’ 1851లో వచ్చింది. ఆయన 1891లో చనిపోయేనాటికి దాన్ని పట్టించుకునేవారే కరువయ్యారు. 1920ల్లో కొందరు మళ్ళీ తీసి చదివి చెప్పబట్టి ఈరోజు లోకమంతా చదువుతున్నది. కాలం దానంతట అది మంచి చెడ్డలను వడపోస్తుందనే మాటను నేను ఒప్పుకోలేను. ఎన్నో మంచి నవలలు మోసేవాళ్ళు లేక పోయి ఉంటాయి.

ఇప్పటి నవలల్లో ఏది నిలుస్తుందని మీరు అడిగిన దానికి పేరు చెప్పి సమాధానం ఇవ్వలేను. అందుకు కనీసం ఇరవై ఏళ్ళ ముద్రలు కావాలి. ఒక గుర్తు మాత్రం చెప్పగలను. ఒకే ఇంట్లో తల్లీ కూతురూ ఒకే నవల చదివి, ఇద్దరూ మెచ్చుకుని, అందులో ఎవరిది తప్పు అన్న దగ్గర మాత్రం కలవలేకపోతే, ఆ పుస్తకం పేరు నేను రాసిపెట్టుకుంటాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటి పుస్తకానికి ఇంకో ప్రతి తెప్పించమని ప్రతిపాదన పంపేదాన్ని. ‘చివరకు మిగిలేది’కి కూడా అలాగే పంపాను. ప్రతి వచ్చేసరికి రెండేళ్ళు పట్టింది. చేరిక రిజిస్టరులో నా చేత్తోనే నమోదు చేసి, ఖాళీ చీటీ అతికించి, రైలెక్కి వెళ్ళి చదివిన ఆ అమ్మాయికి కబురు పంపితే, తనకు కాదు, వాళ్ళ అమ్మకు కావాలని వచ్చి తీసుకువెళ్ళింది.