పూఅర్ టీ బిళ్ల పొడి అయిపోతోందా?

ప్రశ్న: పూఅర్ టీ (ఆకును బిళ్లగా అదిమి అమ్మే చైనా టీ) బిళ్లను కత్తితో కోస్తే సగం పొడైంది. మామూలు టీలా అయిదు నిమిషాలు మరిగిస్తే నోట పెట్టలేనంత చేదు. తప్పెక్కడ?

జవాబు: రెండుచోట్లా. బిళ్లను కోయకూడదు, పొరలుగా విడదీయాలి. మొనదేలిన సన్నటి చువ్వను అంచు నుంచి పొరల మధ్యకు పక్కవాటుగా దూర్చి మెల్లగా పైకి లేపండి, రేకులుగా ఊడొస్తుంది. (మొనకు ఎదురుగా రెండో చెయ్యి పెట్టకండి!) పైనుంచి పొడిస్తే ఆకు నలుగుతుంది. నలిగిన ఆకు చేదంతా ఒక్కసారే దించేస్తుంది.

100 మి.లీ. పాత్రకు 6 గ్రాములు చాలు. సలసల కాగిన నీళ్లు పోసి, 5 సెకన్లలో వంపి పారబోయండి. దుమ్ము పోతుంది, ముద్ద విచ్చుకుంటుంది. మళ్లీ పోసి 10 సెకన్లకే చుక్క మిగలకుండా కప్పులోకి వంచేయండి. అడుగున నీళ్లు నిలిస్తే తరవాతి కప్పు చేదే. ఒక్కోసారికీ కొద్ది సెకన్లు పెంచుతూ పోతే ఏడెనిమిది కప్పులు వస్తాయి; అసలు రుచి మూడో కప్పు నుంచే.

మీది బహుశా ఎక్కువ ఏళ్లు నిలవ ఉంచని 'షెంగ్' (పచ్చి) రకం. దానికి నీళ్లు 90 డిగ్రీలుంటే మేలు. చేదు అసలే పడకపోతే 'షౌ' కొనండి: చైనాలోని యున్నాన్‌లో 1970లలో కుదిరిన తడికుప్ప పద్ధతిలో (ఆకును తడిపి కుప్పపోసి) పులియబెట్టినది, ముదురు రంగు, తడిమట్టి వాసన.

మిగిలిన బిళ్లను కాగితంలోనే చుట్టి, మసాలాలకు దూరంగా ఉంచండి. వాసనలు ఇట్టే పీల్చుకుంటుంది.