లారీ ఎడమకు లాగితే కుడి చక్రం చూడు

"నాన్న నడిపిన పాత టాటా 1613 లారీ ఉంది. బ్రేకు తొక్కితే ఎడమకు లాగుతోంది, తొక్కి పట్టుకుంటే గాలి మీటరు ముల్లు దిగిపోతోంది. షెడ్డులో వాల్వులన్నీ మార్చాలంటున్నారు. మార్చమంటారా?" అని అడిగావు తమ్ముడూ. వద్దు. ముందు నేను చెప్పేది చూసి, తర్వాత కావాలంటే మార్చుకో.

బండి ఎడమకు లాగగానే అందరూ ఎడమ చక్రం విప్పుతారు. ఎడమది పాపం దాని పని అది చేస్తోంది, కుడిదే పడుకుంది. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఎడమది నిలబడిపోయి కుడిది నడుస్తుంటే బండి ఎటు తిరుగుతుంది? ఇదీ అంతే. ఎడమదే పట్టేసి వదలని కేసులూ ఉంటాయి, కానీ అప్పుడు బ్రేకు తొక్కకపోయినా లాగుతుంది, ఆ చక్రం బ్రేకు డ్రమ్ము ఊరికే కాలిపోతుంటుంది. తొక్కినప్పుడు మాత్రమే లాగుతోందంటే పదికి తొమ్మిదిసార్లు తప్పు అవతలి పక్కే.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు, గువ్వలచెరువు ఘాట్‌లో తెలిసింది. 2016 జూన్, నాది 2001 మోడల్ 1613, మదనపల్లె మార్కెట్లో టమాటా ఎత్తుకుని రాయచోటి మీదుగా కర్నూలు పోతున్నా. రాత్రి గువ్వలచెరువులో ఆగి మా క్లీనర్ పిల్లోడు కోవా తింటే నేను టీ తాగి బయలుదేరా. రాయచోటి వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆ ఊరు దాటాక కడప దిక్కు దిగుడే. మూడో మలుపో నాలుగో మలుపో గుర్తులేదు, బ్రేకు మీద కాలు పెట్టగానే స్టీరింగును ఎవరో పక్కనుంచి గుంజినట్టు ఎడమకు పోయింది. రోడ్డంచు రాళ్లు లైట్ల వెలుగులో మీదికొచ్చాయి. రెండో గేరులో దిగుతున్నా కాబట్టి ఈ రోజు నీకు ఇది రాస్తున్నా. గేరు మీదే బండిని ఆపుకుంటూ, బ్రేకు ముట్టీ ముట్టకుండా కిందికి చేరి, చదునుగా ఉన్నచోట పక్కకు పెట్టి చక్రాలకు రాళ్లు వేశాం.

డ్రమ్ముకు రాసుకుని చక్రాన్ని ఆపే లైనర్లు కాలిన వాసన. క్లీనర్ వాటర్ బాటిల్ తెస్తే ఒక్కో డ్రమ్ము మీద నాలుగు చుక్కలు చల్లా. ముందు ఎడమ డ్రమ్ము మీద పడగానే సుయ్యిమని ఆవిరైపోయాయి. వెనకవీ అంతే. ముందు కుడి డ్రమ్ము మీద మాత్రం బావిగట్టు రాయి మీద పోసినట్టు నీళ్లు మెల్లగా జారి కింద పడ్డాయి. ఘాట్ మొత్తం దిగినా ఆ చక్రం ఒక్క బ్రేకు కూడా పట్టలేదన్నమాట! పిల్లోణ్ని బ్రేకు తొక్కి పట్టుకోమని నేను టార్చి తీసుకుని కింద పడుకున్నా. లారీ బ్రేకు గాలితో పనిచేస్తుంది కదా, ఆ గాలి వచ్చి కడ్డీని తోసే డబ్బానే చాంబర్ అంటాం. కుడి చాంబర్ దగ్గర బుస్సుమని పాము చప్పుడు. స్నానం సబ్బు నీళ్లలో కలిపి పోస్తే కడ్డీ బయటికొచ్చే చోట బుడగలే బుడగలు. లోపల కడ్డీని తోసే రబ్బరు పొర, అదే డయాఫ్రం, చిరిగింది.

ఇక్కడ నా ఏడుపు ఒకటి చెప్పుకోవాలి. అంతకు రెండు నెలల ముందే ఒక షెడ్డులో ఇదే లాగుడుకు ఫుట్ వాల్వు, అంటే బ్రేకు తొక్కితే గాలి వదిలే వాల్వు, మార్పించా. ఏ చక్రం వేడెక్కింది, ఏది వేడెక్కలేదు అని ఒక్కడూ చెయ్యి పెట్టి చూడలేదు. వాల్వు మారిస్తే బిల్లు పెద్దది, డయాఫ్రం మారిస్తే చిన్నది, అంతకుమించి అందులో శాస్త్రమేమీ లేదు. మనవాళ్లూ తక్కువేం కాదు. 8 ఏళ్లు దాటిన లారీకి ఏడాదికోసారి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అంటే రంగు, రేడియం స్టిక్కర్లు, కొత్త హారన్లు అనుకుంటారు. హారన్‌కు పెట్టే డబ్బులో సగం పెడితే నాలుగు చక్రాలకూ రబ్బర్లు వస్తాయి.

సరే, తెల్లారాక క్లీనర్ బస్సెక్కి పోయి కడప నుంచి ఒక పెద్ద మెకానిక్‌ను, మేమంతా భాయ్ అంటాం, సంచిలో డయాఫ్రంతో సహా తీసుకొచ్చాడు. టమాటా ఆసామి ఫోన్ మీద ఫోన్. భాయ్ మాత్రం చక్రం దగ్గరికే పోలేదు. ముందు గాలి ట్యాంకు కింద డ్రెయిన్ కాక్ తిప్పాడు. పాలు ఎక్కువైన టీలాంటిది చిక్కగా కారింది. "ఏందబ్బీ, ట్యాంకులో టీ కాంచినావా?" అన్నాడు. తర్వాత చాంబర్ విప్పి డయాఫ్రం నా చేతిలో పెట్టాడు. సాంబార్లో నానిన వడలా ఉబ్బి మెత్తబడి ఉంది. "కంప్రెసర్ నూనె గాలిలోకి వచ్చాంది. రబ్బరు పోయిందని రబ్బరేస్తే మళ్లీ పోతాది. నూనె యాడనుంచి వచ్చాందో అది చూడు."

అప్పుడర్థమైంది నాకు. ట్యాంకుకు గాలి నింపే కంప్రెసర్‌లో రింగులు అరిగితే ఇంజనాయిల్ గాలితోపాటు ట్యాంకులోకి వస్తుంది, గాలిలోని తేమ నీళ్లయి దాంతో కలుస్తుంది, ఆ జిడ్డు పైపుల్లోంచి పోయి వాల్వుల రబ్బర్లనూ డయాఫ్రంలనూ తినేస్తుంది. నువ్వు ఈ రోజు వాల్వులన్నీ కొత్తవి వేసినా ఆ నూనె వాటినీ వదలదు.

కొత్త డయాఫ్రం వేశాక కూడా బండి కొంచెం లాగింది. భాయ్ బ్రేకు తొక్కించి రెండు పక్కలా కడ్డీ ఎంత బయటికొస్తోందో వేళ్లతో కొలిచాడు. కుడిది ఎడమదానికి దాదాపు రెట్టింపు వస్తోంది. లైనరుకూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచేసే అడ్జస్టర్ వదులు. చక్రం జాకీ మీద ఎత్తి, తిరగకుండా అయ్యేదాకా అడ్జస్టర్ బిగించి, మళ్లీ రాపిడి చప్పుడు పోయేదాకా వదిలాడు. ఒక పక్కే చేయకుండా ఎడమదీ అలాగే చేశాడు. ఒకే యాక్సిల్ మీది రెండు చక్రాలూ సమానంగా పట్టాలి, లాగుడు పోవడానికి అసలు కిటుకు అదే. కంప్రెసర్ రింగులు తర్వాత నెలలో వేయించా.

నీ బండి సంగతికొస్తే, గాలి నిండాక ఇంజన్ ఆపి, బ్రేకు ముట్టకుండా మీటరు చూడు. ముల్లు దిగితే లీకు ట్యాంకు, పైపుల వైపు. నిలబడి ఉండి, తొక్కి పట్టుకున్నప్పుడే దిగుతూ పోతే చాంబర్ల వైపు. తొక్కగానే ఒక్కసారి కొంచెం తగ్గడం మామూలే, దానికి టెన్షన్ పడకు. నువ్వు రాసినదాన్ని బట్టి నీది రెండోదే. కుడి చక్రం దగ్గర చెవి పెట్టు. ఆ పక్క లైనరు మీద హబ్బు గ్రీజు కారి ఉందేమో కూడా చూడు, గ్రీజు అంటిన లైనరు గీకితే బాగుపడదు, మార్చాల్సిందే. కిందికి దూరే ముందు చక్రాలకు రాళ్లు మర్చిపోకు. వెనక హ్యాండ్‌బ్రేక్ స్ప్రింగున్న చాంబర్ జోలికి మాత్రం సొంతంగా పోవద్దు. బోల్టుతో లాక్ చేయకుండా విప్పితే లోపలి స్ప్రింగు మనిషిని చంపేస్తుంది.

బాగయ్యేదాకా లోడు ఎక్కించొద్దు. బాగయ్యాక కూడా డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో ఘాట్ దిగే మహానుభావుల మాట వినకు, వాళ్ల డ్రమ్ముల వాసన నేను చాలాసార్లు చూశా. రేపు పొద్దున బండి స్టార్ట్ చేసే ముందే ఆ డ్రెయిన్ కాక్ తిప్పు. ఏ రంగులో వచ్చిందో నాకు చెప్పు, కంప్రెసర్ విప్పాలా వద్దా అప్పుడు చూద్దాం.