మట్టిలో మందు వెతికేవారు ముందుగా అనుమానించవలసింది

పొలం మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి గానీ, నేలవేము వంటి మొక్క నుంచి గానీ మందుకు పనికివచ్చే పదార్థాన్ని వేరుచేయడంలో కష్టమైన ఘట్టం ఏదని మీరు అడిగారు. పరిశోధక విద్యార్థినిగా నాకు తెలిసివచ్చిన మేరకు, సూక్ష్మజీవిని పట్టుకోవడం కష్టం కాదు. దొరికిన పదార్థం ఏమిటో తేల్చడమే కష్టం.

దుగ్గిరాల దగ్గర ఒక పసుపు చేలో జానెడు లోతు నుంచి తీసిన మట్టితో నేను మొదలుపెట్టాను. దానిని వారం రోజులు నీడన ఆరబెట్టి, 55 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొంతసేపు ఉంచితే మామూలు బాక్టీరియాలో చాలా భాగం చచ్చి, స్పోర్లు (విత్తనాల వలె తట్టుకొని నిలిచే కణాలు) ఉన్న స్ట్రెప్టోమైసిస్ వంటి బాక్టీరియా మిగులుతాయి. ఆ మట్టిని శుద్ధమైన నీటిలో అంచెలంచెలుగా పలుచన చేసి స్టార్చ్ కేసీన్ అగర్ అనే పోషక పదార్థం పోసిన ప్లేట్ల మీద పరిచాను. బూజు కమ్మేయకుండా సైక్లోహెక్సిమైడ్ కలిపాను; అది విషం కనుక చేతి తొడుగులు తప్పనిసరి. పదో రోజుకు సుద్దపొడి చల్లినట్లుండి, లూపు అనే తీగతో గీకినా ఊడిరాని సూక్ష్మజీవుల గుంపులు (కాలనీలు) కనిపించాయి. తొలకరికి నేల నుంచి వచ్చే వాసనకు కారణమైన జియోస్మిన్‌ను తయారుచేసేవి ప్రధానంగా ఈ జీవులే కనుక, ఇంక్యుబేటర్ తలుపు తీయగానే సంగతి అర్థమైంది.

వాటిలో ఒకటి, చీము పుట్టించే స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే బాక్టీరియా పెరుగుదలను ఆపి, తన చుట్టూ వెడల్పైన ఖాళీ వలయం ఏర్పరచింది. దానిని పోషక ద్రవంలో వేసి, ఊపే యంత్రమైన షేకర్‌లో పెంచి, ఆ ద్రవంలోని పదార్థాలను ఇథైల్ అసిటేట్ అనే ద్రావణి‌లోకి తీసి, సిలికా జెల్ నింపిన గొట్టం (కాలమ్) గుండా పంపితే, పదార్థాలను మచ్చలుగా విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు మీద ఒకే మచ్చగా నిలిచే నూనె వంటి పదార్థం చేతికి వచ్చింది. ఒకే మచ్చ అంటే ఒకే పదార్థం అనుకొని నేను మురిసిపోయాను. అణుభారాలను చూపే మాస్ స్పెక్ట్రమ్‌లో 391, 149 దగ్గర శిఖరాలు చూసిన మా గైడుగారు మాత్రం, "అమ్మా, ఇది మట్టిలోది కాదు, నీ వాష్‌బాటిల్‌లోది" అన్నారు. అది ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే థాలేట్. వాష్‌బాటిల్ వంటి ప్లాస్టిక్ సీసాల నుంచీ డబ్బాల నుంచీ గొట్టాల నుంచీ ద్రావణిలోకి దిగుతుంది. దీనినే సహజ పదార్థంగా ప్రకటించే పరిశోధన పత్రాలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి, కనుక ఏ పత్రం చదివినా జీవిని వేయని ఖాళీ పోషక ద్రవంతో పోల్చారా లేదా అని మొదట వెతకడం నాకు అలవాటైపోయింది.

బాక్టీరియాను ఆపే నిజమైన శక్తి, కాలమ్ నుంచి విడిగా వచ్చి నేను పక్కన పెట్టిన నారింజ రంగు ఫ్రాక్షన్‌లో ఉంది. దాని అణుభారం 1255 అని తేలేసరికి అదీ కొత్తది కాదని, ఇదివరకే తెలిసిన పదార్థమేనని తెలిసింది. అది ఆక్టినోమైసిన్ డి. 1940లో మట్టి సూక్ష్మజీవుల శాస్త్రవేత్త అయిన వాక్స్‌మన్ ప్రయోగశాలలో వెలుగుచూసిన ఆక్టినోమైసిన్‌ల కుటుంబానికి చెందినది, పిల్లల్లో వచ్చే ఒక మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడేది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లే అనే అమెరికా మందుల సంస్థలో బెంజమిన్ డగ్గర్ అమెరికాలోని మిస్సోరీ మట్టి నుంచి వచ్చిన యాంటీబయాటిక్ ఆరియోమైసిన్‌ను 1948లో వెల్లడించిన కాలానికి తెలిసిన యాంటీబయాటిక్‌లు కొద్ది. ఈనాడు స్ట్రెప్టోమైసిస్‌ల నుంచే వేలకొద్దీ పదార్థాలు తెలుసు కనుక, కాలమ్ నింపకముందే ముడి సారాన్ని, పదార్థాలను విడదీసి వాటి అణుభారాలు చూపే ఎల్‌సీ-ఎంఎస్‌లో నడిపి, వచ్చిన భారాలను డేటాబేస్‌తో సరిచూడాలి. ఆ ఒక్క పని ముందే చేసి ఉంటే నాకు ఏడాదిన్నర మిగిలేది.

అభ్యాసానికి మీరు నేలవేముతో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే దాని చేదుకు ముఖ్య కారణమైన యాండ్రోగ్రాఫొలైడ్ నిర్మాణం తెలిసినదే. ఆకు పొడిని మిథనాల్‌లో నానబెట్టి, పచ్చదనాన్ని బొగ్గుపొడితో తొలగించి, గాఢపరచి చల్లబరిస్తే స్ఫటికాలు వస్తాయి. కొన్ని మొక్కలకు మాత్రం వేడి పనికిరాదు. 1971లో చైనా శాస్త్రవేత్త తూ యూయూ తక్కువ వేడిలో ఈథర్ అనే ద్రావణిని వాడిన తరువాతనే, ఒక మొక్క నుంచి తీసే మలేరియా మందు ఆర్టెమిసినిన్ శక్తి చెడకుండా నిలిచింది. మొక్కల్లో వగరుకు కారణమైన టానిన్లు ప్రోటీన్లకు అంటుకొని ఎంజైమ్ పరీక్షలను తప్పుదారి పట్టిస్తాయి కనుక వాటిని ముందే తొలగించండి. ఆకు వేయని మిథనాల్‌ను కూడా అదే గాజు సామానుతో, అన్ని అంచెల గుండా నడిపి, దాని మచ్చలను మీ సారం పక్కనే అదే టీఎల్‌సీ ప్లేటు మీద పెట్టి చూడండి.